కానుగ చెట్టు: నీడయు, నూనెయు

వేసవియందు నీడ విలువ యెట్టిదో తెలుగునాట నెవరికిని వేరుగ చెప్పనక్కరలేదు. ఉగాది వెళ్లినది మొదలు మృగశిర కార్తె ప్రవేశించువరకు మిట్టమధ్యాహ్నమున వీధిలో నడుగిడువారు ముందుగా వెదకునది చెట్టునీడ. నీడనిచ్చు వృక్షములలో మర్రికిని, రావికిని, వేపకును పూజలు గలవు. చింతకు వంటయింటిలో స్థానము గలదు. ఈ గౌరవము లేవియు నెరుగక, వానితో సమానమైన నీడనిచ్చుచు, ఆకు మొదలు గింజవరకు మనకుపయోగపడుచు, బాట ప్రక్కను ఊరకే నిలిచియుండు చెట్టొకటి గలదు. అదియే కానుగ.

అనకాపల్లి ప్రాంతపు సోదరీమణులకు ఈ చెట్టు క్రొత్తది కాదు. ఏటి యొడ్డులను, చెరువు గట్లను, బాటల ప్రక్కలను, బడుల యావరణములను ఇది పెరుగుచుండును. కొందరు దీనినే గానుగ చెట్టనియు పిలుతురు. బెల్లపు వర్తకమునకు పేరుగన్న ఈ పట్టణమున గానుగ యనగా చెరకు గానుగయే ముందుగా మనసునకు తట్టును గావున, చెట్టును కానుగ యనియే వ్రాయుట మేలు.

ఇప్పుడీ చెట్టును గురించి ముచ్చటించుటకు కారణము లేకపోలేదు. బాటలు వెడల్పగునప్పుడు బాట ప్రక్కల చెట్లు పడిపోవుచున్నవి. క్రొత్తగా ఇల్లు కట్టుకొనువారు “ఆకు రాలును, ఊడ్వలేము” అని ఉన్న చెట్టును కొట్టించుచున్నారు. అటుపిమ్మట నీడలేక, త్వరగా నెదుగునన్న మాట విని, ఏదో యొక పరదేశపు మొక్కను తెచ్చి నాటుచున్నారు. ఇంటి ముందర ఏ చెట్టుండవలెను, ఏది యుండరాదు అను నిర్ణయము చాలవరకు గృహిణి చేతిలోనిదే. ఆ నిర్ణయము తెలిసి చేయుటకు చెట్టు స్వభావము తెలియవలెను గదా.

చెట్టు రూపము

కానుగ మధ్యరకపు వృక్షము. సామాన్యముగా ముప్పది నలువది అడుగుల యెత్తు పెరుగును. మంచి నేలయందు అంతకు మించియు పెరుగును. మాను పొట్టి, కొమ్మలు నలువైపులకు విరివిగా ప్రాకి గొడుగువలె పరచుకొనును. ఒక్కొక్క యీనెకు ఐదు మొదలు తొమ్మిది వరకు చిన్నాకులుండును. అవి జంటలు జంటలుగా నెదురెదురుగ నుండి, కొనయందు మాత్రము ఒంటియాకు నిలుచును. కావుననే లెక్క యెప్పుడును బేసి. ఆకు నున్నగా, నూనె రాచినట్లు మెరయుచుండును.

మాఘ ఫాల్గుణ మాసములలో పాతయాకు రాలును. చెట్టు బోడిగా నుండునది కొలది దినములు మాత్రమే. వెంటనే లేత యెరుపు వన్నె చిగురు తొడిగి, ఎండలు ముదురు నాటికి ముదురుపచ్చని నిండు నీడ సిద్ధమగును. మనకు నీడ మిక్కిలి యవసరమైన కాలముననే ఈ చెట్టు క్రొత్తబట్ట కట్టుకొనుట దీని గొప్ప గుణము.

చిగురుతోడనే చైత్ర వైశాఖములలో పూత వచ్చును. తెలుపును, లేత గులాబియు, ఊదారంగును కలిసిన చిన్న పూవులు గుత్తులు గుత్తులుగా పూచి, తెల్లవారునప్పటికి చెట్టు క్రింద చాప పరచినట్లు రాలియుండును. తేనెటీగలకీ పూవులన్న మిక్కిలి ప్రీతి. కాయలు బల్లపరుపుగా, కొన వంపు తిరిగి, రెండంగుళముల పొడవున నుండును. ఒక్కొక్క కాయలో సాధారణముగా ఒకే గింజ, అరుదుగా రెండుండును. చిక్కుడు కాయవలె ఇది ఎండినను తనంతట పగులదు. పూత నుండి పంటకు ఇంచుమించు పది పదునొకండు మాసములు పట్టును గనుక, ఈ యేటి పూవు మరుసటి యేటి మాఘ ఫాల్గుణములకు గాని కాయగా రాలదు.

కొన్ని చెట్ల యాకులమీద పొక్కులవలె బొడిపెలు కనబడును. అది చెట్టునకు పట్టిన మహమ్మారి కాదు. కంటికానని మిక్కిలి చిన్న నల్లి జాతి పురుగు ఆకును కుట్టుటచే నేర్పడు వాపు అది. చూపునకు వికారమే గాని, దానివలన చెట్టు చావదు.

కుటుంబమును, పేర్లును

వృక్షశాస్త్రజ్ఞులు మొక్కలను పూవును, కాయను చూచి కుటుంబములుగా విభజింతురు. కానుగ చిక్కుడు కుటుంబమునకు చెందినది. మన వంటయింటి డబ్బాలలోని కంది, పెసర, మినుము, శనగ, మెంతి, వేరుసెనగ యన్నియు దీనికి దాయాదులే. ఈ బంధుత్వమును స్వయముగా పరీక్షింపగోరువారు ఒక కానుగ పూవును, ఒక చిక్కుడు పూవును ప్రక్కప్రక్కల నుంచి చూడవలెను. రెంటికిని ఐదేసి రేకులు. పైనున్న పెద్ద రేకు జెండావలె నిలిచియుండును. ప్రక్కనున్న రెండును రెక్కలవలె నుండును. క్రిందనున్న రెండును అంటుకొని దోనెవలె నుండి కేసరములను దాచును. దూరము నుండి చూచిన రెండును సీతాకోకచిలుకలే.

చింతయు, వర్షాకాలపు సాయంకాలమున ఆకు ముడుచుకొను నిద్రగన్నేరును ఈ కుటుంబములోనివే గాని, శాఖలు వేరు. ఈ కుటుంబమును పూర్వము మూడు శాఖలుగా చెప్పుచుండిరి. 2017 లో పలుదేశముల శాస్త్రజ్ఞులు కలిసి, జీవకణములలోని వంశలక్షణములను పరిశీలించి, ఆరు శాఖలుగా ఏర్పరచిరి. అందు కానుగ పప్పుధాన్యముల శాఖలోనే నిలిచెను. చింతయు, నిద్రగన్నేరును చెరియొక వేరు శాఖకు పోయెను. నిద్రగన్నేరు అమెరికా ఖండపు చెట్టు; మన దేశమునకు తరువాత తేబడినది. కానుగ మాత్రము మన దేశమునకు సహజమైనది. తూర్పు దీవులయందును, ఆస్ట్రేలియా ఉత్తరభాగమునను కూడ సహజముగ పెరుగును.

సంస్కృతమున దీనికి కరంజము, నక్తమాలము అను పేర్లు గలవు. అమరకోశమున ఈ రెండును కలవు. ఇందొక చిక్కున్నది. పిల్లలాడుకొను గచ్చకాయల ముండ్లతీగకు లతాకరంజమని పేరు. కరంజమను మాట రెంటియందు నుండుటచే, పచారీ కొట్టున మందు కొనునప్పుడు ఒకదానికి బదులు మరొకటి వచ్చు ప్రమాదము గలదు. కావున తెలుగు పేరుతో నడుగుటయే క్షేమము.

పాశ్చాత్యుల పేర్ల చరిత్ర ఇంకను చిత్రము. 1678 మొదలు 1693 వరకు పండ్రెండు సంపుటములుగా అచ్చుపడిన హోర్తుస్ మలబారికుస్ అను గ్రంథమున మలయాళ దేశపు వాడుకను బట్టి దీనిని పొంగం అని వర్ణించిరి. 1753 లో లిన్నేయస్ దీనికి శాస్త్రీయముగా సైటిసస్ పిన్నేటస్ అని పేరు పెట్టెను. 1803 లో వెంతెనా పండితుడు పొంగామియా గ్లాబ్రా యనెను. 1899 లో పియేర్ అను నతడు రెంటిని సమన్వయపరచి పొంగామియా పిన్నేటా యని నిలిపెను. తరువాతి వారు కొందరు డెర్రిస్ ఇండికా యనియు, 1989 లో పాణిగ్రాహి మిల్లెట్టియా పిన్నేటా యనియు మార్చిరి. నేడు పలువురు మరల పొంగామియా పిన్నేటా యనుచున్నారు. పుస్తకములలో ఈ పేర్లన్నియు కానవచ్చును గాని చెట్టొక్కటే. శాస్త్రజ్ఞుల లాటిను పేరులో సైతము దక్షిణదేశపు పల్లెమాట నిలిచియుండుట మనకు సంతోషకరము.

ఈ సందర్భమున మన తీరమును తలంపక తీరదు. లిన్నేయస్ శిష్యుడగు కోనిగ్ మొక్కలను సేకరించుచు 1785 లో కాకినాడ యొద్ద జగన్నాథపురమున మరణించెను. అతని తరువాత కుంపిణీవారి వృక్షశాస్త్రజ్ఞుడైన పాట్రిక్ రసెల్ విశాఖపట్టణమున నివసించినవాడు. పిదప ఆ పదవికి వచ్చిన రాక్స్‌బర్గు సామర్లకోటలో తోట వేసి పరిశోధనలు సాగించెను. అతడు కోరమండల తీరపు మొక్కలనుగూర్చి 1795 మొదలు ప్రకటించిన గ్రంథములోని బొమ్మలు మన దేశపు చిత్రకారులు వ్రాసినవే. దేశపు చెట్లను ప్రపంచమునకు తెలిపిన పని యిట్లు మన గోదావరి, విశాఖ మండలములలో చాలవరకు జరిగినది.

ఉపయోగములు

పప్పుధాన్యముల మొక్కలవలెనే కానుగ వేళ్లయందును చిన్న బుడిపెలుండును. వానిలోని సూక్ష్మజీవులు గాలియందలి నత్రజనిని పట్టి నేలకు కూర్చును. అందుచే ఆకునందు సారము హెచ్చు. వరి దమ్ము చేయునపుడు కానుగ రొట్టను కోసి తెచ్చి మడిలో త్రొక్కుట మన రైతుల పూర్వాచారము. గింజ నుండి నూనె తీయగా మిగిలిన పిండి పొలమునకు మేలైన యెరువు. అందు నూటికి సుమారు 4 పాళ్లు నత్రజని గలదు. అంతియే కాక, అందలి చేదుపదార్థము నత్రజనిని నేలలో మెల్లమెల్లగా విడుదల యగునట్లు చేయును. చెదపురుగును కొంత నణచును. చెరకు తోటలకు నూనెపిండి వేయుట తెలిసిన ప్రాంతము మనది. 1913 లో నెలకొల్పబడిన చెరకు పరిశోధన స్థానము గల అనకాపల్లిలో ఈ మాటను విస్తరించి చెప్పనక్కరలేదు.

గింజలో నూటికి 27 మొదలు 39 పాళ్ల వరకు నూనె యుండును. మరలో ఆడించిన నాలుగు కిలోల గింజకు ఇంచుమించు లీటరు నూనె వచ్చును. ఈ నూనె ఎరుపు కలిసిన పసుపువన్నె, చేదు, ఒక విధమైన ఘాటు వాసన గలది. కిరసనాయిలు రాకపూర్వము పేదల యిండ్ల దీపములలో నిది వెలిగెడిది. తోళ్లు పదును చేయుటకును, సబ్బు తయారుచేయుటకును, బండి యిరుసులకు రాచుటకును వాడుదురు. నీటిలో కలిపి మొక్కలపై చల్లిన పురుగులు తగ్గును.

ఇంటి పనులలో దీని యెండుటాకు వేపాకువలె నుపయోగించును. ధాన్యపు గాదెలలోను, పప్పుల కుండలలోను బాగుగ నెండిన యాకులను వేసిన పురుగు చేరుట తగ్గును. ఆకు తడిగానున్న బూజు పట్టును గనుక నీడయందు పూర్తిగా నెండబెట్టి మరి వాడవలెను. వండుటకు ముందు ఆకులనేరి, ధాన్యమును కడుగవలెను. లేత పుల్ల పండ్లు తోముటకు పల్లెలలో వాడుక. ఆయుర్వేదమున గజ్జి, తామర మొదలగు చర్మరోగములకు కానుగ నూనె పైపూతగా చెప్పబడినది. కలప మాత్రము గొప్పది కాదు. పురుగు త్వరగా పట్టును. వంటచెరకుగను, చిల్లర పనిముట్లకును చెల్లును. కలప విలువ తక్కువగుట యొక విధముగ చెట్టునకు రక్షయే.

పవర్‌గూడ స్త్రీలు చేసిన పని

కానుగ గింజ యెంతటి విలువ గలదో తెలంగాణములోని యొక చిన్న గోండు పల్లె స్త్రీలు లోకమునకు చూపిరి. అది పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని పవర్‌గూడ. అచ్చటి స్త్రీల పొదుపు సంఘములకు గిరిజనాభివృద్ధి సంస్థవారు నూనె తీయు మర నొసంగిరి. అడవిలోను ఊరిచుట్టును గల కానుగ చెట్ల గింజలనేరి, నూనె తీసి, ఆ నూనెను డీజిలునకు బదులుగ వాడవచ్చునని తేలినది. డీజిలు కాల్చిన గాలిలో చేరెడి బొగ్గుపులుసు వాయువు ఆ మేరకు తగ్గును. పది సంవత్సరములలో 51 టన్నుల కానుగ నూనె డీజిలునకు బదులగుటచే 147 టన్నుల వాయువు తగ్గునని లెక్కగట్టి, 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు ఆ స్త్రీల సంఘములకు 645 డాలర్లు చెల్లించెను.

డబ్బు కొద్దిదే. అయినను విషయము కొద్దిది కాదు. చెట్టును నరికి కట్టెలమ్ముకొన్నచో ఒక్కసారి డబ్బు వచ్చును. చెట్టును నిలిపి గింజనేరుకొన్నచో ఏటేట వచ్చును. గింజనేరుట, ఎండబెట్టుట, కాయ పగులగొట్టుట స్త్రీలు తీరిక వేళల చేసికొనదగిన పనులు. పెరిగిన చెట్టు నేలను బట్టి, వయసును బట్టి ఏటికి తొమ్మిది మొదలు తొంబది కిలోల వరకు గింజ నిచ్చును. పిండి మరల పొలమునకే పోవును. ఇందు వ్యర్థమగునది లేదు.

తల్లులు గమనింపవలసిన జాగ్రత్త

ఉపయోగములను చదివి ఉత్సాహపడుటకు ముందు ఒక మాట గట్టిగ జ్ఞాపకముంచుకొనవలెను. కానుగ గింజయు, నూనెయు తినదగినవి కావు. అందు కరంజిను మొదలగు విషగుణముగల చేదుపదార్థములున్నవి. కొన్నిచోట్ల గింజను నూరి నీట కలిపి చేపలను మత్తెక్కించి పట్టు వాడుక యున్నదనిన, దాని బలమెట్టిదో ఊహింపవచ్చును. కాబట్టి నూనెను వంటనూనెల దరి నుంచరాదు. పేరు వ్రాసిన వేరు సీసాలో పిల్లలకందని యెత్తున నుంచవలెను. పిండిని పశువుల కుడితిలో కలుపరాదు. గింజలతో నాడు పిల్లలను నోట బెట్టుకొననీయరాదు. పొరబాటున మ్రింగినచో వాంతి చేయింప యత్నింపక, వెంటనే వైద్యశాలకు గొనిపోవలెను. చర్మముపై రాచుటకును వైద్యుని యడిగియే వాడుట మంచిది. పసిపిల్లలకు తమంతట రాయనే కూడదు.

ఆకు రాలుట నేరమా?

గృహిణులు కానుగపై మోపు మొదటి నేరము ఆకు రాల్చుట. వాకిలి ఊడ్చు చేతులకే ఆ శ్రమ తెలియును గనుక, ఈ ఫిర్యాదును తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. అయితే లెక్క చూడవలెను. ఆకు విస్తారముగ రాలునది ఏటికొకమారు, కొన్ని వారములు. తరువాత పూవు కొన్ని దినములు. మిగిలిన కాలమంతయు ఊడ్పు స్వల్పమే. ఊడ్చిన ఆకును తగులబెట్టిన పొగయు, దగ్గును మిగులును. పెరటిలో నొక గుంట త్రవ్వి, అందు ఆకు వేసి, కొంచెము మట్టియు, పేడనీళ్లును చల్లుచుండిన కొన్ని మాసములకు పూలమొక్కలకు, కూరపాదులకు చక్కని యెరువగును. అప్పుడా చెత్తయే సొత్తగును. ఇంటిలోని యితరులును చీపురు పట్టిన శ్రమ సగమగునని వేరుగ చెప్పనేల?

2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము దరి తీరము దాటినప్పుడు ఈ ప్రాంతమున లెక్కకు మించిన చెట్లు నేలకూలెను. మరుసటి వేసవిలో నీడలేని బాటలెట్లుండెనో మన ప్రాంతమువారు మరువజాలరు. అట్టి నష్టము తరువాత త్వరపడి ఏదో యొకటి నాటుట సహజము. కాని త్వరగా పెరుగుట యొక్కటే గుణము కాదు. కోనోకార్పస్ అను పరదేశపు మొక్కను పచ్చదనమునకని పలుచోట్ల నాటిన పిమ్మట, ఆరోగ్యమునకును, పరిసరములకును హాని కలదని 2023 లో గుజరాతు ప్రభుత్వము దాని నాటుటను నిషేధించెను. ఏడాకులపాల మన దేశపు చెట్టే యైనను, చలికాలపు రాత్రులయందు దాని పూవుల ఘాటు వాసనను విశాఖపట్టణమున పలువురు భరింపలేక మొరపెట్టుకొనిరి. ఏ చెట్టు నెచ్చట నాటవలెనో ఆలోచింపక నాటినచో మంచి చెట్టును చెడ్డపేరు తెచ్చుకొనును.

కానుగకును లోపములు లేకపోలేదు. దీని వేళ్లు ప్రక్కలకు ప్రాకి అచ్చటచ్చట పిలకలు వేయును. అందుచే గోడకును, నూతికిని ఆనించి నాటరాదు, పదునైదడుగుల యెడముంచవలెను. కరెంటు తీగల క్రింద నాటరాదు. ఇరుకు సందులకిది తగదు. వెడల్పైన వీధి, బడి యావరణము, గుడి ప్రాంగణము, చెరువు గట్టు, పొలము గట్టు దీనికి తగిన తావులు. ఉప్పునేలను, నీటియెద్దడిని కూడ ఓర్చునట్టిది గనుక మన సముద్రతీరపు గ్రామములకు మిక్కిలి యనుకూలము.

పెంచు విధము

గింజ క్రొత్తదై యుండవలెను. నెలలు గడచిన కొలది మొలకెత్తు శక్తి తగ్గును. ఫాల్గుణ చైత్రములలో రాలిన కాయలనేరి, పగులగొట్టి, ముడుతలు లేని గింజలను రాత్రియంతయు నీట నానబెట్టి, మట్టియు, ఎరువును కలిపిన సంచులలో అరంగుళపు లోతున నాటవలెను. పది దినములు మొదలు నెలలోపల మొలకెత్తును. మరుసటి వానకాలమునకు రెండడుగుల మొక్కలగును. తొలకరికి ముందే రెండడుగుల గుంటలు తీసి, మట్టిని ఎండనిచ్చి, వాన పడగానే నాటవలెను. మొదటి రెండు వేసవులు నీరు పోసి, పశువులకందకుండ కంప కట్టిన చాలును. తరువాత చెట్టు తన్ను తానే చూచుకొనును. నాలుగైదు సంవత్సరములు మొదలు ఏడు సంవత్సరములలో పూతకు వచ్చును.

ఇంటికొక చెట్టు చోటు చాలని పట్టణములలో వీధికొక చెట్టైనను చాలును. నలుగురు గృహిణులు కలిసి, తమ వీధిలోని యొక్క మొక్కకు వంతులవారీగా రెండు వేసవులు బిందెడు నీరు పోసినచో, బడినుండి వచ్చు పిల్లలకును, తట్ట దింపి యలసట తీర్చుకొను కూరగాయల యామెకును, ముదుసలులకును ఏండ్ల తరబడి నీడ దొరకును. ఉన్న చెట్టును కొట్టించు మాట యింటిలో వచ్చినప్పుడు, దాని నీడయు, నూనెయు, ఎరువును లెక్కలో చేర్చి మరి మాటాడుట మన ధర్మము.